గింత దానికేనా?

మన ఇళ్లల్లో ఆడపిల్ల ఏడిస్తే మొదటిసారి "ఏమైంది బిడ్డా?" అంటారు. రెండోసారి ఏడిస్తే "మళ్లా ఏమొచ్చింది?" అంటారు. మూడోసారికల్లా అది "గింత దానికేనా?" అయిపోతుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు ఏడ్చినా ఇక అదే మాట. అమ్మలు అంటారు, మేనత్తలు అంటారు, పక్కింటివాళ్లు గోడ మీదుగా అంటారు. తిట్టు కాదు కాబట్టి అన్నట్టు కూడా వాళ్లకు గుర్తుండదు. డిగ్రీలో తెలుగు చదువుకున్నదాన్ని, మాటల మీద పట్టింపు కొంచెం ఎక్కువే అనుకోండి. "గింత" అనేది కొలత. కొలిచేది బాధపడే మనిషి కాదు, బయట నిలబడి చూసేవాళ్లు. లోపల మానెడు బాధ పొంగుతుంటే పైనుంచి చూసి గిద్దెడే కదా అంటారు. మామూలు పిల్లలైతే ఆ మాటకు మూతి ముడుచుకుని కాసేపటికి మర్చిపోతారు. కొందరు మర్చిపోలేరు. వాళ్ల గురించే ఈ వ్యాసం.

మా ఆడబిడ్డను ఇచ్చింది మా ఊళ్లోనే, మర్కూక్‌లోనే. మా ఇంటికి రెండు వాడల అవతల. ఆమె కూతురికి ఇప్పుడు 24 ఏళ్లు. నన్ను అత్తమ్మా అంటుంది. ఆ పిల్లకున్న జబ్బు పేరు బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్. ఇది రాస్తానని అడిగితే "రాయి అత్తమ్మా, నా పేరు మాత్రం పెట్టకు, నేను చెడ్డదాన్నన్నట్టు రాయకు" అంది. రెండు షరతులూ ఒప్పుకున్నాను.

చిన్నప్పటి నుంచీ చురుకైన పిల్ల. ఇంటర్ అయిపోయాక తేడా కనపడింది. వాళ్లమ్మ ఫోన్ ఎత్తకపోతే పదిసార్లు, ఇరవైసార్లు చేస్తుంది. ఎత్తేసరికి "నన్ను ఇడిచిపెట్టినవు గదా" అని మొదలు. సోమవారం ఒక స్నేహితురాలు ఆమెకు ప్రాణం, దేవత. గురువారానికి ఆ పిల్ల మొహం చూడొద్దు, నంబరు బ్లాకు. గజ్వేల్‌లో బట్టల షాపులో చేరింది, మానేసింది. ప్రైవేటు స్కూల్లో చేరింది, హెడ్‌మాస్టరు ఏదో అన్నాడని మధ్యాహ్నమే ఆటో ఎక్కి వచ్చేసింది. ఒకరోజు జుట్టు కత్తిరించుకుని పోలీసు ఉద్యోగానికి చదువుతానంది, నెల తిరక్కముందే బ్యూటీపార్లర్ నేర్చుకుంటానంది. ఒక మధ్యాహ్నం మా ఇంట్లో చిక్కుడుకాయలు ఒలుస్తూ ఒక మాటంది: "అత్తమ్మా, లోపల ఖాళీగున్నది. ఆకలి కాదు. ఖాళీ." అదేం మాటో చాన్నాళ్లు నాకు అంతుపట్టలేదు. ఎండాకాలంలో కూడా నిండుచేతుల జాకెట్లు, పొడుగు చేతుల డ్రెస్సులు ఎందుకు వేస్తుందో వాళ్లమ్మకు తెలిసిన రోజు ఇంట్లో పొయ్యి వెలగలేదు.

ఊరు దీనికి పెట్టిన పేర్లు మీరే ఊహించుకోండి. మొండిది. గారాబం ఎక్కువైంది. నాటకాలు. గాలి సోకింది. ఎవరో ఏదో చేసిన్రు. పట్నంలో ఒక డాక్టరైతే నిద్రగోళీలు రాసిచ్చి, "పెండ్లి చెయ్యండి, సెట్ అయితది" అని పంపించాడు. దానికి ఐదొందలు ఫీజు. ఆ మాటైతే మా ఊళ్లో పైసా తీసుకోకుండా పదిమంది చెప్తారు.

జబ్బుకు సరైన పేరు దొరికింది ఎర్రగడ్డలో. ఆ పేరు తెలుగులో చెప్పాలంటే "సరిహద్దు వ్యక్తిత్వ రుగ్మత" అంటారట. సరిహద్దు అంటే మా మామయ్య మిలిట్రీ అనుకున్నాడు. ఆ పేరుకు ఒక కథ ఉంది. 1938లో అడాల్ఫ్ స్టెర్న్ అనే అమెరికా వైద్యుడు తన దగ్గరికొచ్చే కొందరు రోగులు అప్పటి లెక్క ప్రకారం మామూలు మనోవ్యథకూ పూర్తి మతిభ్రమకూ నడుమ గట్టు మీద ఉన్నారని రాశాడు. అలా ఆ గట్టు పేరే జబ్బుకు అంటుకుంది. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన జబ్బుల పుస్తకంలో దీన్ని చేర్చింది. ఇప్పుడు ఆ గట్టు లెక్కను ఎవరూ నమ్మరు, పేరు మాత్రం మిగిలిపోయింది. దాంట్లో తొమ్మిది లక్షణాలు రాశారు. ఐదైనా ఉండి, అవి చాలాకాలంగా, అన్ని సంబంధాల్లోనూ కనిపిస్తే ఈ జబ్బు అంటారు. వదిలేస్తారన్న భయం, మనుషుల్ని ఒకరోజు నెత్తిన పెట్టుకుని ఇంకోరోజు నేలకేసి కొట్టడం, తానెవరో తనకే తేలకపోవడం, వెనకా ముందూ చూడని పనులు, తనను తాను గాయపరచుకోవడం, గంటగంటకూ మారే మనసు, ఖాళీతనం, పట్టలేని కోపం, బాగా ఒత్తిడిలో ఉన్నప్పుడు అనుమానాలు, లేదంటే చుట్టూ ఉన్నది నిజం కానట్టు అనిపించడం. బైపోలార్ అని చాలామంది పొరబడతారు. బైపోలార్‌లో మనసు రోజులు, వారాలు ఒకేవైపు ఉంటుంది. ఇందులో పొద్దున నవ్వు, పదింటికి ఏడుపు, మధ్యాహ్నం కోపం, సాయంత్రం మళ్లీ నవ్వు. అది చూసేవాళ్లకు నాటకంలాగే కనిపిస్తుంది మరి.

నేను అర్థం చేసుకున్నది ఇది. మే నెలలో మధ్యాహ్నం పూట చెప్పుల్లేకుండా తారురోడ్డు దాటండి. చెప్పులున్నవాళ్లు పక్కన నడుస్తూ "ఎందుకు గంతులేస్తున్నవు?" అంటే ఎట్లుంటుంది? రోడ్డు అందరికీ ఒకటే. కాళ్లు ఒకటి కావు. ఈ పిల్లలకు పుట్టుకతోనే పాదాలు మెత్తన. తొందరగా కాలుతుంది, ఎక్కువగా కాలుతుంది, చల్లారడానికి చాలాసేపు పడుతుంది. మనకు పది నిమిషాల్లో పోయే కోపం వాళ్లకు పొద్దుగూకే దాకా ఉంటుంది. ఈలోపు ఇంకోటి జరుగుతుంది.

పుట్టుక ఒక సగం. రెండో సగం చుట్టూ ఉన్నవాళ్ల మాట. ఈ సంగతి చెప్పింది మార్షా లీనహాన్ అనే అమెరికా ప్రొఫెసరు. మెత్తని మనసుతో పుట్టిన పిల్ల, "గింత దానికేనా" అనే ఇంట్లో పెరిగితే ఏమవుతుంది? తన లోపల కలిగే బాధ నిజమా అబద్ధమా అని తనకే అనుమానం వస్తుంది. చిన్నగా చెప్తే ఎవరూ వినరు, పెద్దగా అరిస్తేనే ఇల్లంతా పరుగెత్తి వస్తుంది. దాంతో పెద్దగా అరవడమే నేర్చుకుంటుంది. అది కుట్ర కాదు. ఇల్లు నేర్పిన పాఠం. దీన్ని తల్లి మీద నేరంగా చదవకండి. మా ఆడబిడ్డకు ఇద్దరు కొడుకులు కూడా ఉన్నారు, ఆ మాటలే తిని ఆ అన్నమే తిని దున్నపోతుల్లా ఉన్నారు, ఏ రాయి తగిలినా వాళ్లకు నొప్పి లేదు. తల్లి మారలేదు, పిల్ల చర్మం వేరు. చిన్నప్పుడు హింసకు గురైనవాళ్లలో ఈ జబ్బు ఎక్కువ కనిపిస్తుందన్నది నిజమే. కానీ ఈ జబ్బున్న ప్రతి పిల్ల వెనకా అలాంటి ఇల్లే ఉంటుందని అనుకోవడం తప్పు. ఆ అనుమానంతో కుమిలిపోయే తల్లులను చూశాను.

లీనహాన్ సంగతి ఇంకొంచెం చెప్పాలి. 1961లో ఆమెను 17 ఏళ్ల వయసులో కనెక్టికట్ రాష్ట్రంలోని ఒక మానసిక ఆసుపత్రిలో చేర్చారు. రెండేళ్లకు పైగా అక్కడే ఉంది. తనను తాను గాయపరచుకునేది. ఒంటరి గదిలో పెట్టారు, కరెంటు షాకులిచ్చారు. అప్పటికి ఈ జబ్బు పుస్తకాల్లో లేదు, స్కిజోఫ్రెనియా అని రాశారు. బయటికొచ్చి చదువుకుని సియాటిల్‌లో ప్రొఫెసర్ అయింది. తనలాంటివాళ్ల కోసమే డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ అనే చికిత్సను తయారుచేసింది. అది పనిచేస్తుందన్న మొదటి పరీక్షా ఫలితాలు 1991లో వచ్చాయి. తన సొంత కథను మాత్రం 2011 దాకా లోకానికి చెప్పలేదు. చెప్పడానికి ఎక్కడికి పోయిందో తెలుసా? తనను ఉంచిన ఆ ఆసుపత్రికే. పేరున్న శాస్త్రవేత్తకే అంతకాలం పట్టిందంటే, మర్కూక్‌లో ఒక డిగ్రీ పిల్ల చేతులు దాచుకోవడంలో వింతేముంది?

ఆ చికిత్సకు ఉన్న పెద్ద పేరును పక్కన పెడితే లోపలున్నది రెండు మాటలు. "నీ బాధ నిజం." "ఈ పద్ధతి మార్చుకోవాలి." రెండూ ఒకేసారి. మన ఇళ్లల్లో రెండోది ఒక్కటే చెప్తారు, పొద్దుటి నుంచి రాత్రి దాకా. మొదటిది చెప్పకుండా రెండోది చెప్తే చెవికెక్కదు. ఇంటివాళ్లు నేర్చుకోవాల్సింది కూడా ఇదేనని అక్కడి సైకాలజిస్టు మాతో చెప్పింది. ముందు బాధను ఒప్పుకోండి, తర్వాత మాట చెప్పండి, వరస మార్చకండి, అంది.

ఎట్లా అంటే ఒక సాయంత్రం సంగతి చెప్తా. తూప్రాన్‌లో లగ్గానికి పోయిన మా ఆడబిడ్డ ఆరింటికి వస్తానని చెప్పి ఎనిమిదిన్నరకు వచ్చింది. బస్సు దొరకలేదు, ఫోన్లో చార్జింగ్ అయిపోయింది. నేను కోడలికి తోడుగా అక్కడే ఉన్నాను. ఏడున్నర నుంచి పిల్ల వాకిట్లోకీ ఇంట్లోకీ తిరుగుతూనే ఉంది. తల్లి గడప దాటేసరికి గ్లాసు గోడకు తగిలింది. "నేను సచ్చినా నీకు పట్టది! లగ్గమే ఎక్కువైంది నీకు!" మామూలు రోజుల్లో అయితే ఆ ఇంట్లో దీనికి మూడు జవాబులుంటాయి. తండ్రి: "గింత దానికే గ్లాసు పలగ్గొడ్తవా?" అన్న: "మళ్లా మొదలువెట్టింది." తల్లి: "నేనేమన్న కావాలని చేసిన్నా? బస్సు దొరకకుంటె ఎగిరొస్తనా?" మూడూ నిజాలే. మూడూ కిరసనాయిలే.

అప్పటికి ఆరుసార్లు ఎర్రగడ్డకు పోయొచ్చిన తల్లి ఆ రోజు చెప్పులు విప్పకుండానే అరుగు మీద కూర్చుంది. "ఆరింటికి వస్తనని రాలే. ఫోన్ కూడ కలవలే. భయపడ్డవు గదా బిడ్డా. రెండు గంటల సేపు నీ పానం ఏమైందో" అంది, అంతే. బస్సు గురించి ఒక్క ముక్క చెప్పలేదు. పిల్ల ఇంకా అరిచింది. తల్లి మళ్లీ, "ఔ, భయమైతది" అంది. పావుగంటకు అరుపు ఏడుపైంది. ఏడుపు సన్నగిల్లాక, అప్పుడు, "గ్లాసు మాత్రం పలగ్గొట్టద్దు బిడ్డా, గది నువ్వే ఎత్తాలె. నేను కూడ ఇగ ఛార్జర్ పట్టుకొనే పోత" అంది. పిల్ల చీపురు తెచ్చి ఎత్తింది. ఇంతకుముందైతే ఆ గొడవ మూడు రోజులు నడిచేది. ఆ రాత్రి తొమ్మిదిన్నరకు అన్నం తిన్నారు.

ఇది చదివి "అంటే పిల్ల ఏం చేసినా సై అనాలా?" అని అడిగేవాళ్లుంటారు. లేదు. భయపడ్డావు అనడం వేరు, గ్లాసు పగలగొట్టడం సరే అనడం వేరు. బాధను ఒప్పుకోవడం అంటే ఆమె చెప్పే కారణాన్ని ఒప్పుకోవడం కూడా కాదు. "అమ్మ నన్ను వదిలేసింది" అన్నది నిజం కాదు, "వదిలేసిందేమో అనిపించి వణికిపోయాను" అన్నది నిజం. ఆ రెండోదాన్ని పట్టుకోవాలి. అడిగినదల్లా భయంతో ఇచ్చేయడం కూడా పనికిరాదు. మా బంధువుల్లో ఒకావిడ కొడుకు అరుస్తాడని బండి కొనిచ్చింది, మళ్లీ అరిస్తే ఫోన్ కొనిచ్చింది. అరుపుకు ధర కట్టినట్టయింది. ఇవ్వనని ఒకసారి చెప్తే ఇవ్వొద్దు. ఇస్తానంటే చెప్పిన రోజుకు ఇవ్వాలి. వదిలేస్తారన్న భయం ఉన్నవాళ్లకు మాట తప్పడం అన్నిటికంటే పెద్ద దెబ్బ, అందుకే చిన్న మాటలే ఇవ్వాలి, ఇచ్చినవి నిలబెట్టాలి. "తొందరగా వస్తా" కాదు, "మూడింటి బస్సుకు బయల్దేరుతా, దొరక్కపోతే ఎవరి ఫోన్ నుంచైనా చేస్తా" అనాలి. కోపంలో ఉన్నప్పుడు "నీతోని ఏగలేను, మా అమ్మగారింటికి పోత" అనే మాట మన ఆడవాళ్ల నోట ఊరికే వస్తుంది చూడండి, ఆ ఒక్కటి మాత్రం ఈ ఇళ్లల్లో అనకూడదు.

కోపం తారస్థాయిలో ఉన్నప్పుడు వాదించడం దండగ. చెవులు పనిచేయవు. "ఇప్పుడు ఇద్దరం మంచిగ లేం, నేను పెరట్ల ఉంట, అరగంటకు వస్త" అని చెప్పి, సరిగ్గా అరగంటకు రావాలి. చెప్పకుండా తలుపేసుకుపోతే అదే వదిలేయడం కింద లెక్క.

ఇక భయంగా ఉన్నా రాయక తప్పనిది ఒకటి. "సచ్చిపోత" అనే మాట. "అనేవాళ్లు చెయ్యరు" అని మనవాళ్లకు గట్టి నమ్మకం. అది అబద్ధం. ఈ జబ్బున్నవాళ్లలో నిజంగానే ప్రాణం పోగొట్టుకునేవాళ్లున్నారు. కాబట్టి ఆ మాట ఎన్నోసారి విన్నా మొదటిసారి విన్నట్టే వినాలి. నేరుగా అడగాలి: "చావాలని అనిపిస్తున్నదా బిడ్డా?" అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని భయపడతారు. అడగడం వల్ల పుట్టదు, అడిగినవాళ్లతో చెప్పుకోవడం వల్ల కాస్త తగ్గుతుందనే డాక్టర్లందరూ చెప్తారు. అలాంటప్పుడు ఒంటరిగా వదలొద్దు. మన పల్లెటూళ్లలో ఇంకో జాగ్రత్త. పత్తికీ మక్కకూ తెచ్చిన మందు డబ్బాలు ఇంటి మూలన, మంచం కింద పెడతారు. ఈ జబ్బున్న మనిషి ఉన్నా లేకపోయినా అవి ఇంట్లో ఉండకూడదు. బావి కాడ షెడ్డులో తాళం వేయండి, తాళంచెవి ఇంకెవరి దగ్గరైనా ఉంచండి. తారస్థాయికి పోయిన ఆలోచన చాలాసార్లు కాసేపటికి దిగిపోతుంది, ఆ కాసేపు చేతికి ఏదీ అందకపోతే మనిషి దక్కుతుంది. శ్రీలంకలో ప్రమాదకరమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధిస్తూ వచ్చాక దేశం మొత్తంలో ఆత్మహత్యల రేటు సగానికి పైగా తగ్గింది. దేశమే చేసిన పనిని మన ఇంటి వరకు మనం చేసుకోలేమా?

ఏదైనా జరిగితే 108కి ఫోన్ చేయండి, దాచకండి. పోలీసు కేసవుతుందని ఆసుపత్రిలో "పొరపాటున జరిగింది" అని చెప్పేవాళ్లున్నారు. డాక్టరుకు అబద్ధం చెప్తే వైద్యమే తప్పుదారి పడుతుంది. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 115వ సెక్షన్ ఉంది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, ప్రభుత్వమే వైద్యం చూడాలి అంటుంది. 2024 జూలై 1న వచ్చిన కొత్త న్యాయ సంహితలో ఆ పాత 309 సెక్షన్ లేనేలేదు.

ఇప్పుడు పెళ్లి. ఈ మాట దగ్గర నేను మెత్తగా ఉండలేను. "పెండ్లి చేస్తే కుదురుకుంటది" అనేవాళ్లు ఒక్కసారి ఆలోచించండి. వదిలేస్తారన్న భయంతో వణికే పిల్లను, పుట్టిన ఇల్లు వదిలిపెట్టించి, ఎన్నడూ చూడని మనుషుల మధ్య పెట్టి, "ఇక ఇదే నీ ఇల్లు" అంటే ఆ భయం తగ్గుతుందా? మాట పడని పిల్లను అత్త మాట, ఆడబిడ్డ మాట, యారాలి మాట పడే చోటికి పంపితే కోపం తగ్గుతుందా? కాలికి కట్టు కట్టకుండా బండి కొనిచ్చినట్టు. ఆర్నెల్లకు తిరిగొస్తే అప్పుడు "మొగుడు విడిచినది" అనే పేరు కూడా తోడవుతుంది. తెచ్చిన అప్పు ఎటూ ఉంటుంది. పెళ్లి వద్దని నేననడం లేదు. ఈ జబ్బున్నవాళ్లు పెళ్లిళ్లు చేసుకుని పిల్లల్ని పెంచుతున్నవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. మందు కోసం పెళ్లి వద్దంటున్నా. వైద్యం కొంత నడిచాక, పిల్ల తనంతట తాను సై అన్నాక, ఆ అబ్బాయికి పిల్ల నోటితోనే విషయం చెప్పాక. దాచి చేసిన పెళ్లి ఆ పిల్లకు రోజూ భయమే. ఎప్పుడు తెలుస్తుందో, తెలిస్తే వదిలేస్తాడేమో అని. మళ్లీ అదే వదిలేయడం! మా ఆడబిడ్డ ఇంటికి ఈ ఏడాది రెండు సంబంధాలొచ్చాయి. "ఏడాది ఆగుతం" అని ఆమే చెప్పి పంపింది. ఆ మాటకు ఊళ్లో ఎంత గొణుగుడో.

దేవుడి సంగతి. సంక్రాంతి నుంచి ఉగాది దాకా కొమురవెల్లి జాతరకు పోతాం, మొక్కుతాం, పట్నం వేయిస్తాం. మల్లన్న ముందు నిలబడితే ఆ పిల్లకు మనసు నిమ్మళమవుతుంది, అదీ చూశాను. దానికి నాకు అడ్డమేం లేదు. గాలి సోకిందని వేపమండలతో కొట్టించడానికి, పొగపెట్టించడానికి మాత్రం అడ్డమే. ముందే చెప్పుల్లేని కాళ్లు, వాటికి నిప్పు కూడానా?

వైద్యం ఎక్కడ అంటే, లీనహాన్ చికిత్సను పద్ధతి ప్రకారం పూర్తిగా చేసేవాళ్లు మన దగ్గర తక్కువే, పట్నంలో ప్రైవేటుగా ఉన్నా ఖర్చు మన వల్ల కాదు. అయినా మామూలు కౌన్సెలింగు ఒకే మనిషి దగ్గర, విడవకుండా, ఓపికగా నడిస్తే మేలు జరుగుతుంది. ఈ జబ్బుకు అసలు వైద్యం మాటలే. దీనికంటూ ప్రత్యేకంగా గోళీ లేదు. దిగులుకో నిద్రకో తోడుగా ఇస్తారు. ముందుగా ఎవరితోనైనా మాట్లాడాలంటే టెలి మానస్ ఉంది, నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. రాత్రీపగలూ, తెలుగులో, పైసా ఖర్చు లేకుండా. ఇంటివాళ్లు కూడా చేయొచ్చు, జబ్బు మనిషే చేయాలని లేదు. సిద్దిపేటలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2018 నుంచి ఉంది, ముందు అక్కడి మానసిక వైద్య విభాగంలో చూపించుకోవచ్చు. మా పిల్లకు ఎర్రగడ్డ కుదిరింది. గజ్వేల్ నుంచి జేబీఎస్ బస్సు, అక్కడ పరేడ్ గ్రౌండ్‌లో మెట్రో, అమీర్‌పేటలో మారితే కాసేపట్లో ఎర్రగడ్డ అన్నట్టే. "ఎర్రగడ్డకు పోవాలె నువ్వు" అని ఒకరినొకరు తిట్టుకోవడం మనకు అలవాటు కదా. మెట్రోలో ఆ స్టేషన్ పేరు చెప్పినప్పుడల్లా మొదట్లో మా ఆడబిడ్డ చుట్టూ చూసేదట, ఎవరైనా నవ్వుతారేమో అని. ఎవరూ నవ్వరు. అక్కడ దిగి సగంమంది రైతుబజారుకు పోతారు.

నయమవుతుందా అని అందరూ అడిగేదే. బోస్టన్ దగ్గర మేరీ జనారిని అనే శాస్త్రవేత్త 290 మంది ఈ జబ్బువాళ్లను ఏళ్ల తరబడి కనిపెట్టి చూసింది. పదేళ్లలో నూటికి 93 మందికి కనీసం రెండేళ్లపాటు లక్షణాలు సద్దుమణిగాయి. ఉద్యోగం, స్నేహాలు కూడా నిలదొక్కుకుని పూర్తిగా కోలుకున్నవాళ్లు సగంమంది. జీవితాంతం ఇంతే అని చెప్పేవాళ్లకు ఈ లెక్క చూపించండి. అలాగని వచ్చే బతుకమ్మకల్లా తగ్గిపోతుందనీ అనుకోకండి. పదేళ్ల లెక్క అది.

ఇంకో సంగతి. ఆసుపత్రులకు వచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ కనిపిస్తారు కానీ, అమెరికాలో ఇల్లిల్లూ తిరిగి లెక్కపెడితే మగవాళ్లలో కూడా దాదాపు అంతే ఉందని తేలింది. మన దగ్గర వాళ్లేమవుతారు? తాగుతారు, కొడతారు, "మొగోడు గట్లనే ఉంటడు" అంటాం. జబ్బు ఒకటే అయినా ఆడపిల్లకు నాటకాలు, మగవాడికి పౌరుషం.

"మరి మా బాధ ఎవరు వింటరు?" అని మా ఆడబిడ్డ ఒకరోజు నన్నే అడిగింది. ఆ ప్రశ్న న్యాయమైనది. ఇంటిల్లిపాదిలో ఓపిక నేర్చుకున్నది ఆమె ఒక్కతే. తండ్రి పొలం పనంటాడు, అన్నలు ఫోన్లలో ఉంటారు. అర్ధరాత్రి లేచేది తల్లి, బస్సెక్కేది తల్లి, ఊరి మాట పడేది తల్లి. ఒక్క మనిషి మోస్తే ఆ మనిషి కూలిపోతుంది, అప్పుడు పిల్లకు నిజంగానే వదిలేసినట్టవుతుంది. నేను మా బావగారితో, అంటే ఆ పిల్ల తండ్రితో, గట్టిగానే మాట్లాడాను. గొంతు పెంచని మాట ఒకటి నేర్చుకొమ్మన్నాను. "ఔ బిడ్డా, కష్టమే" అన్న మూడు ముక్కలు. మొదట నవ్వాడు. తర్వాత ఒకరోజు పిల్ల ఏడుస్తుంటే అన్నాడట, అప్పజెప్పినట్టు, గోడకేసి చూస్తూ. అయినా పిల్ల ఏడుపాపి ఆయన మొహం చూసిందట.

పోయిన నెల నుంచి పిల్ల ఒక కుట్టుమిషను సెంటర్‌లో చేరింది. ఇంకా మానలేదు. రెండు వారాలకోసారి ఎర్రగడ్డ కౌన్సెలింగు నడుస్తోంది. వచ్చేది బుధవారం. వాళ్లమ్మకు మోకాళ్ల నొప్పి, ఈసారి వద్దన్నాను. నేనూ, మా బావగారూ పోతున్నాం. పొద్దున ఏడింటి బస్సు.